గాలి మీద నిలబడ్డ బస్సు

కోరుట్లలో జగిత్యాల రోడ్డు మీద టైర్ల షాపులు నాలుగున్నాయి. గులాం నబీ షాపు ఎక్కడని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. దుంగల నబీ సాబ్ అంటే చిన్నపిల్లలు కూడా చెయ్యి చాపి చూపిస్తారు. టైర్లు విప్పేవాడికి జాకీ పేరో పానా పేరో రావాలి గానీ దుంగల పేరు రావడమేమిటని కొత్తవాళ్లు అడుగుతారు. ఆ సంగతి తెలియాలంటే ఆయన పనిచేసేటప్పుడు ఓ అరగంట నిలబడి చూడాలి. అరగంటకు తక్కువ ఎటూ పట్టదు, ఎందుకంటే ఆయన దేన్నీ తొందరపడి లేపడు.

బండి రాగానే ముందు దాని చుట్టూ ఒకసారి తిరుగుతాడు, పిల్లను చూడవచ్చిన పెద్దమనిషిలా. లోపల ఎంతమంది ఉంటే అంతమందినీ దింపుతాడు. నిద్రపోతున్న ముసలమ్మ అయినా సరే, సీట్లో కూర్చుని లెక్కలేనట్టు చూసే ఓనరయినా సరే. డ్రైవరు దగ్గర తాళంచెవి తీసుకుని తన చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకుంటాడు. లేపని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెడతాడు. జాకీ కింద మందపాటి చెక్క వేస్తాడు. బండి లేచాక దాని నడుము కిందికి రెండు నల్లతుమ్మ దుంగలు తోస్తాడు. అవి నాలుగు పక్కలా పలకలుగా చెక్కించినవి, నూనె తాగి తాగి నల్లబడినవి. అప్పుడు భుజంతో బండిని ఒకసారి గట్టిగా నెట్టి చూస్తాడు. అది కదలలేదంటేనే ఆయన చెయ్యి లోపలికి పోతుంది.

ఈలోపు డ్రైవర్లకు కాళ్లు నిలవవు. పక్క షాపులో అయితే ఈపాటికి రెండు టైర్లు మారేవని వినబడేలా అంటారు. నబీ వినడు. వినబడనట్టు ఉండడంలో ఆయనకు మంచి సాధన ఉంది. ఇంటావిడ కుల్సుమ్ బీ మాత్రం ఊరుకునే రకం కాదు. పెళ్లినాడు పీట మీద కూర్చోమంటే ఈ మనిషి ముందు దాన్ని ఊపి చూశాడని, ఆ రోజే తనకు అంతా అర్థమైపోయిందని, వాడకట్టులో ఆడవాళ్లందరికీ చెప్పింది. అది నిజం కాదని నబీ అంటాడు. నిజమేనని నేను అనుకుంటున్నాను.

కానీ ఆయన పుట్టుకతో ఇలా లేడు. పదహారేళ్ల వయసులో సిరిసిల్లలో ఉస్తాద్ దగ్గర పనికి కుదిరినప్పుడు, గుడ్డల బేళ్లు మోసే లారీల కింద దూరి, జాకీ ఒక్కటే ఆధారంగా పని చేసేవాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు అక్కడే నిద్రపోయేవాడు కూడా. ఆ తర్వాత ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే లారీల పని దొరికింది. ఆ బండ్లన్నీ కమాన్ పట్టీల మీద నిలబడేవి. ఇనుప పట్టీ మీద ఇనుప పట్టీ పేర్చిన కమాన్లు. ఎక్కడ పెడితే అక్కడ ఉంటాయి, ఎంత లేపితే అంతే లేస్తాయి, మనిషిని మోసం చేయవు. వాటి మధ్య ఇరవై ఏళ్లు పనిచేసినవాడికి బండి అంటే భయం ఉండదు.

ఎయిర్ బస్సులు వచ్చాక కథ మారింది. ఒకరోజు జగిత్యాలలో అలాంటి బస్సు ఒకటి పంక్చరై నిలబడిపోయిందని పిలిస్తే వెళ్లాడు. తెల్లగా, నున్నగా, ఇంత పొడుగు బస్సు. ఎప్పటిలాగే బాడీ కింద జాకీ పెట్టి లేపాడు, టైరు మార్చాడు, జాకీ దించాడు. లేపకముందు ఎక్కడుందో అక్కడికే వచ్చి ఆగాలి కదా. ఆగలేదు. ఇంకో జానెడు కిందికి వచ్చి, నేలను ముద్దు పెట్టుకున్నంత పని చేసి కూర్చుంది. నీడగా ఉంటుందని నబీ దాని కిందికి తోసి ఉంచిన టిఫిన్ డబ్బా, కుల్సుమ్ బీ పెట్టిచ్చిన ఖీమాతో సహా రొట్టెలా అయిపోయింది. అంతకు కాసేపటి ముందే, జారిపడ్డ పానా కోసం అక్కడే తల దూర్చి వెతికాడు. ఆ సంగతి గుర్తొచ్చి రోడ్డు పక్కన కూలబడ్డాడు. అంత భయం తన జీవితంలో ఎన్నడూ పడలేదు.

ఆ బస్సు డ్రైవరు నాందేడ్ మనిషి, మంచివాడు. చాయ్ తాగించి, హిందీలో, చేతులు తిప్పుతూ అసలు సంగతి చెప్పాడు. ఈ బస్సుకు కమాన్లు లేవు. ఇరుసుకూ బాడీకీ మధ్య లావుపాటి రబ్బరు బెలూన్లు ఉంటాయి, వాటిలోని గాలి మీదే బస్సంతా నిలబడుతుంది. ఇరుసు పక్కన ఒక చిన్న కడ్డీ ఉండి, బాడీ ఎంత ఎత్తులో ఉందో ఎప్పుడూ చూస్తుంటుంది. తగ్గితే గాలి నింపుతుంది, పెరిగితే గాలి వదిలేస్తుంది. నువ్వు జాకీతో లేపావు, అది బస్సు ఎత్తు పెరిగిందనుకుని బెలూన్లు ఖాళీ చేసింది, నువ్వు దించేసరికి కింద నిలబడటానికి ఏమీ మిగల్లేదు. కాబట్టి ముందే తాళంచెవి తీసి, బెలూన్ల గాలి నువ్వే తీసేసి, తర్వాత లేపాలి. లేపిన వెంటనే ఛాసీ కింద దుంగలు పడాలి. దించేటప్పుడు ముందు గాలి నింపి, తర్వాతే దుంగలు తీయాలి. దుంగలు లేకుండా దాని కింద కోడిపిల్లను కూడా పోనివ్వకూడదు.

నబీ తిరిగి వచ్చేటప్పుడే కట్టెల అడితి దగ్గర దిగి దుంగలు చెక్కించుకున్నాడు. ఆ రోజు నుంచి ఎయిర్ బస్సుకే కాదు, కమాన్ల లారీకీ ట్రాక్టరుకూ అవే దుంగలు. డబ్బా సంగతి మాత్రం షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఖీమా దగ్గరికి రాగానే అందరూ నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వగానే ఆయన కథ ఆపేసేవాడు. నాందేడ్ డ్రైవరు చెప్పిన భాగం దాకా ఎప్పుడూ పోలేదు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బడులు మూతపడ్డాయి, ఆర్టీసీ బస్సులు డిపోల్లో ఉండిపోయాయి. కోరుట్ల బస్టాండులో ప్లాట్‌ఫారాల మీద మేకలు పడుకున్నాయి. నబీ పొద్దున షట్టరు సగం ఎత్తి, మధ్యాహ్నం దించి, రోడ్డు మీది శిబిరంలో వెనక వరసలో కూర్చునేవాడు. మాట్లాడమని మైకు చేతికిస్తే, అదేదో వేడి గిన్నె అయినట్టు పక్కవాడికి అందించేవాడు. తెలంగాణ రావాలని మాత్రం మనసారా కోరుకున్నాడు.

శిబిరంలో కుర్రాళ్లకు పెద్ద ప్రేమ్‌సాగర్. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే పోచయ్య కొడుకు, డిగ్రీ చదివాడు, గొంతు బాగా ఉంది, నిలకడ తక్కువ. పోచయ్యకూ నబీకీ ఇరవై ఏళ్ల దోస్తీ. అందుకని ప్రేమ్‌సాగర్‌కు నబీ చాచా అయ్యాడు. రాస్తారోకో జరిగినప్పుడల్లా ఆగిన బండ్ల గాలి తీసే పని ఈ కుర్రాళ్లది. మొదట్లో మేకులు గుచ్చేవాళ్లు, కత్తితో కోసేవాళ్లు. ఒకరోజు అలా కోసిన టైరు నబీ షాపుకు వచ్చింది. దాన్ని చూసి ఆయనకు ఆ రోజు అన్నం సయించలేదు. సాయంత్రం ప్రేమ్‌సాగర్‌ను పిలిపించాడు.

"టైరు కోసుడెందుకు బేటా," అన్నాడు. "తెలంగాణ అచ్చినంక గూడ గా డ్రైవరు గీ తొవ్వనే పోవాలె గద. పిన్ను తీసి ఆయన చేతుల వెట్టు. బండి ఆగుతది, టైరు బతుకుతది."

పావుగంటలో పని నేర్పాడు. వాల్వు మూత తిప్పడం, లోపలి పిన్ను ఊడదీయడం, వెనక జంట చక్రాల్లో లోపలి టైరు పిన్ను బయటినుంచి అందకపోతే వెల్లకిలా పడుకుని కిందినుంచి అందుకోవడం. ప్రేమ్‌సాగర్ ఇట్టే పట్టేశాడు. అప్పటినుంచి కోరుట్ల రాస్తారోకోకు ఒక పద్ధతి ఏర్పడింది. కుర్రాళ్లు వచ్చి, డ్రైవరుకు దండం పెట్టి, జరసేపు ఆగుండ్రి అన్నా అని, పిన్నులన్నీ కాగితంలో పొట్లం కట్టి చేతిలో పెట్టేవాళ్లు. ఆందోళన ముగిశాక నబీ వచ్చి పిన్నులు బిగించి గాలి నింపేవాడు. గాలి తీసేది ప్రేమ్‌సాగర్, నింపేది నబీ, ఇద్దరూ పొత్తు కుదుర్చుకున్నారని ఊరంతా నవ్వుకుంది. ఆ మాట వింటే నబీకి లోలోపల సంతోషంగానే ఉండేది. ఉద్యమానికి తాను చేసిన సాయం అదొక్కటేనని ఆయన లెక్క.

బతుకమ్మ పండుగ ఇంకో వారం ఉందనగా రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు నిరసన పెట్టుకున్నారు. రోడ్డు మధ్యలో రాళ్లతో పొయ్యిలు, వాటి మీద ఇంతింత గుండిగలు, కింద చింత మొద్దుల మంట. అన్నం గుండిగ దగ్గర ప్రేమ్‌సాగర్ తల్లి ఐలవ్వ నిలబడి అందరినీ అదిలిస్తోంది. కుల్సుమ్ బీ ఉల్లిగడ్డలు కోస్తూ కళ్లు తుడుచుకుంటోంది. నబీ ఆ రోజు షట్టరు అసలు ఎత్తలేదు. ఉద్యమం కోసమే వచ్చానని చెప్పాడు గానీ, పప్పుచారు వాసన షాపు దాకా వస్తోంది.

పదకొండు గంటల వేళ సిరిసిల్ల వైపు నుంచి తెల్లటి ఎయిర్ బస్సు ఒకటి వచ్చి ఆగింది. బొంబాయి పోయేది. భీవండిలో మగ్గాల మీద పనిచేసేవాళ్లు, అక్కడినుంచి గల్ఫ్ విమానం ఎక్కేవాళ్లు అందులో ఉన్నారు. డ్రైవరు బాలయ్య సిరిసిల్ల మనిషే. గొడవ పడకుండా దిగి, ఎన్నింటికి వదులుతారో కనుక్కుని, అందరితో పాటు విస్తరి ముందు కూర్చున్నాడు. ప్రయాణికులూ దిగి నీడ వెతుక్కున్నారు. ప్రేమ్‌సాగర్ తన పని తాను చేసుకోవడానికి బస్సు ఎడమ పక్కకు వెళ్లాడు.

ఎయిర్ బస్సు పిన్నులు తీయడం అతనికి అదే మొదలు. వెనక బయటి టైరు గాలి తీశాడు. లోపలి టైరు కోసం వెల్లకిలా కిందికి దూరాడు. దాని పిన్నూ తీశాడు. టైర్లు కూలబడ్డాయి, బస్సు కొంత వాలింది గానీ ఇంకా ఎత్తుగానే ఉంది. అప్పుడు తల పైన లావుపాటి రబ్బరు బెలూన్, అందులోకి పోతున్న సన్నటి పైపు కనబడ్డాయి. గాలి ఇంకా ఇందులో ఉందన్నమాట, దీన్ని కూడా తీస్తే పని పూర్తవుతుంది అనుకున్నాడట. ఈ సంగతి తర్వాత అతనే చెప్పాడు. నేర్చుకున్న పని శ్రద్ధగా చేసే కుర్రాడు కాబట్టే ఆ పైపు పట్టి గుంజాడు.

భుస్సుమని పెద్ద చప్పుడైంది. రోడ్డు మీద ఉన్నవాళ్లంతా తల తిప్పి చూశారు. అది ఏ చప్పుడో తెలిసినవాడు అక్కడ నబీ ఒక్కడే. చేతిలో ముద్ద విస్తట్లో వదిలేసి పరుగెత్తాడు.

నేల మీద పడుకుని కిందికి చూశాడు. బస్సు అడుగున ఉండే సామాన్ల పెట్టె ఇనుప అంచు ప్రేమ్‌సాగర్ ఛాతీ మీద, కుడి భుజం మీద కూర్చుంది. ముఖం ఇటే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. చాచా అన్నాడు, కానీ ఆ మాటకు సరిపడా ఊపిరి లేదు. పిన్ను తీయడం నేర్పింది తనే. ఈ బస్సు గాలి మీద నిలబడుతుందని చెప్పనిది తనే. నాలుగేళ్లుగా డబ్బా కథ చెప్పి ఊరందరినీ నవ్వించాడే గానీ, ప్రాణం కాపాడే ముక్క ఒక్కరికీ చెప్పలేదు.

ఏడవడానికి అది సమయం కాదు. ఇంజను స్టార్ట్ చేస్తే గాలి నిండి బస్సు లేస్తుందని బాలయ్య అప్పటికే సీట్లోకి ఎక్కాడు. పాపం అతనిది మంచి మనసే. నబీ మెట్లెక్కి తాళంచెవి మీద చెయ్యి వేశాడు. ఈ పక్క పైపు ఊడిపోయింది, గాలంతా ఆ పక్క బెలూన్లకే పోతుంది, ఆ పక్క లేస్తే బస్సు ఈ పక్కకు, పిల్లవాడి మీదికి ఒరుగుతుంది అని నాలుగు ముక్కల్లో చెప్పాడు. తాళంచెవి జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

కిందికి దిగేసరికి వందమంది బస్సు చుట్టూ చేరారు. అందరూ కలిసి ఎత్తేద్దామని ఎవరో అన్నారు. అప్పటి రోజులే అలాంటివి, పదిమంది చెయ్యి వేస్తే ఏదైనా కదులుతుందని అందరికీ నమ్మకం. అందరికన్నా ముందు పోచయ్య ఉన్నాడు. క్వింటాలు బస్తాను ఒంటి మీదికి ఎత్తుకునే మనిషి, బాడీ అంచు కింద వేళ్లు దూర్చి, మెడనరాలు ఉబ్బేలా ఎత్తుతున్నాడు. బస్సు రెండు వేళ్లు లేచి, ఊగి, మళ్లీ కూర్చుంది. కిందినుంచి ప్రేమ్‌సాగర్ మూలుగు వినబడింది. పోచయ్య మళ్లీ పట్టు బిగించాడు.

నబీ వెళ్లి అతని రెండు మణికట్లూ పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి పోచన్నా," అన్నాడు. "మనిషి చెయ్యి అలుస్తది. అలిసినప్పుడు గిది వాని మీదనే పడ్తది."

"లోపట ఉన్నది నా కొడుకు."

"నాకు ఎర్కనే. చెయ్యి తియ్యి."

పోచయ్య చూసిన చూపు నబీకి జీవితాంతం గుర్తుంటుంది. ఇరవై ఏళ్ల దోస్తీ ఆ చూపులో ఎక్కడా లేదు. అయినా నబీ ఆ చేతులు వదల్లేదు. అందరినీ పది అడుగులు వెనక్కి జరగమన్నాడు. ఎన్నడూ మైకు పట్టని ఆ మనిషి గొంతు ఆ రోజు మైకు లేకుండానే అందరికీ వినబడింది. జనం జరిగారు. ఈ దుంగలాయన గంటసేపు చేస్తాడు, అప్పటిదాకా పిల్లవాడు బతకాలి కదా అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఈసారి నబీకి ఆ మాట నిజంగానే వినబడింది, లోపల గుచ్చుకుంది కూడా.

ఆటో నడిపే ఖాలిద్ షాపుకు పరుగెత్తి పొట్టి జాకీ, రెండు దుంగలు, చెక్కలు వేసుకొచ్చాడు. రెండు దుంగలు ఏ మూలకూ చాలవు. నబీ పొయ్యిల వైపు చూశాడు. చెప్పకముందే ఐలవ్వకు అర్థమైంది. రెండో విడత అన్నం ఉడుకుతున్న గుండిగ కింది నుంచి చింత మొద్దులు చేత్తోనే లాగేసింది. కుల్సుమ్ బీ బిందె ఎత్తి వాటి మీద నీళ్లు పోసింది. పొగలు కక్కుతున్న మొద్దులను ఆడవాళ్లే మోసుకొచ్చారు. నబీ వాటిలోనూ ఏరాడు. గుండ్రంగా ఉన్నవి దొర్లుతాయని పక్కన పారేసి, పలకగా చీల్చినవే తీసుకున్నాడు. పిల్లవాడి కన్నతల్లి తెచ్చిన మొద్దును కూడా తిప్పి చూసి వద్దన్న మనిషి ఆయన.

బెలూన్ల గాలి ముందే తీసేయాలన్నది తన నియమాల్లో మొదటిది. ఆ రోజు అది కుదరదు. మనిషి కింద ఉండగా ఆ పక్క గాలి తీస్తే బస్సు ఇంకా దిగుతుంది. తీయకపోతే, జాకీతో లేపుతున్నకొద్దీ ఎత్తు పెరిగిందనుకుని ఆ కడ్డీ ఎప్పుడో ఒకప్పుడు తనంతట తానే గాలి వదులుతుంది. ఎప్పుడు వదులుతుందో తెలియదు. అందుకని చక్రాలకు రాళ్లు పెట్టించి, ముందుగా పిల్లవాడు లేని పక్క ఛాసీ కింద మొద్దులు పేర్చాడు. కొడుకు ఈ పక్క ఉంటే ఆ పక్క పనేమిటని పోచయ్య అరిచాడు. నబీ ఆ పని ముగించి ఇటు వచ్చి, ప్రేమ్‌సాగర్‌కు అటూ ఇటూ తన తుమ్మ దుంగలు, వాటి మీద చెక్కలు, ఇనుముకు తగిలేదాకా దూర్చాడు.

"ఇగ కిందికి రాదు బేటా," అన్నాడు అతని చెవి దగ్గరగా. "ఊపిరి మెల్లగ తీసుకో. నేనీడనే ఉన్న."

అప్పుడు జాకీ పెట్టాడు. అర వేలు లేపి ఒక చెక్క దూర్చాడు. మళ్లీ అర వేలు, మళ్లీ చెక్క. చూసేవాళ్లకు ప్రాణం పోతున్నట్టుంది. నబీ చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది, చెయ్యి మాత్రం తొందరపడలేదు. రెండు వేళ్లు, మూడు వేళ్లు, నాలుగు వేళ్లు. కింద ప్రేమ్‌సాగర్ గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు అందరికీ వినబడింది. అంతే, లాగేద్దామని జనం ముందుకు ఉరికారు. నబీ లేచి చేతులు అడ్డంగా చాపాడు.

"ఇంకోసారి పడ్తది. పడనియ్యుండ్రి. పడ్డంకనే గుంజుదాం."

ఆ మాట అంటుండగానే అవతలి పక్క భుస్సుమంది. బస్సు ఊగింది. జాకీ పక్కకు జారి తారు మీద పడి గణగణ మోగింది. అంత పెద్ద బాడీ ఒక్కసారిగా కిందికి వచ్చి దుంగల మీద కూర్చుంది. చింత మొద్దులు కిర్రుమన్నాయి, వాటి బూడిద పైకి లేచింది. ఇనుప అంచు ప్రేమ్‌సాగర్ ఛాతీకి నాలుగు వేళ్ల ఎత్తులో అలాగే ఆగిపోయింది. ఒక్క నిమిషం ముందు అందరూ తలలు దూర్చాలనుకున్న చోటు అది. పోచయ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు.

నబీ భుజం ఆనించి బస్సును ఒకసారి గట్టిగా నెట్టి చూశాడు. కదల్లేదు. అప్పుడు పోచయ్యను లేపి, ఇక నీ కొడుకును నువ్వే తీసుకో అన్నాడు. పోచయ్య చంకల కింద చేతులు వేసి, గాజు సామాను తీసినట్టు మెల్లగా బయటికి లాగాడు.

కుడి భుజం దగ్గరి కంటె ఎముక విరిగింది, రెండు పక్కటెముకలు చిట్లాయి, మనిషి దక్కాడు. పొయ్యిలూ రాళ్లూ తొలగించి, రాస్తారోకో చేస్తున్నవాళ్లే రోడ్డు ఖాళీ చేసి, ఖాలిద్ ఆటోను జగిత్యాల ఆసుపత్రికి పంపారు. నబీ అక్కడే ఉండి పైపు బిగించాడు, టైర్లకు పిన్నులు పెట్టాడు. ముందు గాలి నింపి, తర్వాత దుంగలు తీసి బస్సును నిలబెట్టాడు. సాయంత్రం బాలయ్య వెళ్తూ వెళ్తూ దండం పెట్టాడు. సగం ఉడికి ఆగిపోయిన అన్నాన్ని మళ్లీ పొయ్యెక్కించి అందరూ తిన్నారు. కొంచెం మాడిందన్నారు గానీ ఎవరూ వదల్లేదు. నబీ మాత్రం తినలేదు.

నాలుగో రోజు ప్రేమ్‌సాగర్‌ను ఇంటికి తెచ్చారు. ఊళ్లో నబీకి ఒక్కసారిగా పేరొచ్చింది, డ్రైవర్లు ఎదురొచ్చి చేతులు కలుపుతున్నారు. ఆయన మాత్రం పోచయ్య వాడకట్టు వైపు పోవడానికి జంకాడు. కుల్సుమ్ బీ రెండు రోజులు చూసి, ఇక చూడలేక, తనే చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

పోచయ్య గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. లోపల మంచం మీద ప్రేమ్‌సాగర్, ఛాతీకి పట్టీలతో. నబీ కూర్చోకుండానే మొదలుపెట్టాడు, కూర్చుంటే చెప్పలేనని.

"తప్పు నాదే పోచన్నా. పిన్ను తీసుడు నేనే నేర్పిన. గా బస్సు గాలి మీద నిలవడ్తదని చెప్పలే. సగమే చెప్పిన. నువ్వు తిట్టినా కొట్టినా పడ్త."

పోచయ్య తన అరచేతుల వైపు చూసుకుంటున్నాడు.

"గా దినం నా చేతులు నువ్వు పట్టకపోయుంటే," అన్నాడు, "నా కొడుకును నేనే సంపుకుందును నబీ భాయ్. గీ ముచ్చట ఐలవ్వకు గూడ చెప్పలే. కన్ను మూస్తే గదే యాదికస్తున్నది."

తన తప్పు మోసుకుని వచ్చిన నబీకి, తనకన్నా పెద్ద బరువుతో కూర్చున్న మనిషి కనబడ్డాడు. పక్కన గడప మీద కూర్చుని పోచయ్య చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. యాభై ఏళ్లు దాటిన మగవాళ్లు పట్టపగలు వాకిట్లో కూర్చుని, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చూస్తుండగా ఏడ్చారు.

లోపలినుంచి ప్రేమ్‌సాగర్ గొంతు వచ్చింది. ఊపిరి పీల్చుకుంటూ, ఆగి ఆగి మాట్లాడుతున్నాడు.

"చాచా, గా మిగిలిన సగం జెప్పు మరి."

నబీ కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి, మంచం పక్కన పీట లాక్కుని, ఒకసారి ఊపి చూసి కూర్చున్నాడు. నాందేడ్ డ్రైవరు చెప్పిన దగ్గరినుంచి మొదలుపెట్టి, ఒక్క ముక్క వదలకుండా చెప్పసాగాడు. పోచయ్య కూడా లేచి వచ్చి, గోడకు ఆనుకుని, కొడుకుతో పాటు విన్నాడు.